ఈ కర్ర విల్లవుతుందా?



అల్లూరి సీతారామరాజు విగ్రహం మన పట్టణాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. చేతిలో విల్లు, వీపున అమ్ములపొది. ఆ విగ్రహం దగ్గర ఆడుకుని ఇంటికొచ్చిన పిల్లవాడు అడుగుతాడు: "నాన్నా, మన పెరట్లో చెట్టుతో విల్లు చేయొచ్చా?" విలువిద్య నేర్చుకుంటున్న అమ్మాయి అడుగుతుంది: "మామయ్యా, పొలంగట్టు మీద ఆ చెట్టు ఉంది కదా, దాని కర్ర పనికొస్తుందా?" పెద్దవాళ్ల దగ్గర జవాబు ఉండదు. ఇవాళ ఆ జవాబే చెప్పుకుందాం.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చెట్టు పేరు కోసం చూస్తారు. ఫలానా చెట్టు అని చెప్పేస్తే చాలనుకుంటారు. పేరు కొంతవరకే పనిచేస్తుంది. ఒకే జాతి చెట్లు రెండుంటాయి. ఒకటి గుట్ట మీద నెమ్మదిగా పెరిగింది, రెండోది కాలవ గట్టున నీళ్లు తాగి ఏపుగా పెరిగింది. రెండింటి కర్రా ఒకటి కాదు. ఇంకా దగ్గరికి వెళితే, ఒకే చెట్టులో సూర్యుడి వైపు వంగిన కొమ్మ వేరు, నిటారుగా లేచిన మాను వేరు. కాబట్టి చెట్టును కాదు, చేతిలో ఉన్న కర్రను పరీక్షించాలి.

ఏం పరీక్షించాలి? రెండే సంగతులు. దయచేసి గుర్తుపెట్టుకోండి. ఒకటి, కర్ర వంగి మళ్లీ తన స్థానానికి రావాలి. రెండు, దాని నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా సాగాలి. వంగి తిరిగి రావడం, నార తెగకపోవడం. మిగతాదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

దగ్గర్లో సన్నటి పుల్ల ఏదైనా ఉంటే చేతిలోకి తీసుకోండి. రెండు చేతులతో మెల్లగా వంచండి. బయటి వైపు సాగుతోంది. లోపలి వైపు నలుగుతోంది. విల్లులో జరిగేదీ ఇదే. విల్లు పట్టుకున్నప్పుడు గురి వైపు ఉండేదాన్ని వీపు అందాం. మన వైపు ఉండేదాన్ని పొట్ట అందాం. నారి, అంటే అల్లెతాడు, లాగిన ప్రతిసారీ వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. వీపు మీద ఒక్క పోగు తెగిందంటే అక్కడ చీలిక లేస్తుంది, విల్లు ఒక్కసారిగా రెండుగా విరిగిపోతుంది. పొట్ట అలా కాదు. అది నెమ్మదిగా ఓడిపోతుంది. అడ్డంగా వెంట్రుకంత సన్నటి గీతలు పడతాయి, లేదా నారి విప్పిన తర్వాత కూడా విల్లు వంకరగానే ఉండిపోతుంది. వీపు తెగితే ప్రమాదం. పొట్ట నలిగితే విల్లు నీరసం.

ఇక చెట్టు దగ్గరికి వెళదాం. కానీ గొడ్డలి పట్టుకుని వెళ్లకండి. ముందు ఊళ్లో పెద్దల దగ్గరికి వెళ్లండి. "తాతా, ఈ కర్రతో మీరు ఏం చేసేవాళ్లు?" అని అడగండి. ఆ జవాబులో సగం పరీక్ష అయిపోతుంది. గడపలకు, గుమ్మాలకు వాడేవాళ్లమంటే ఆ కర్ర కదలకుండా నిలుస్తుందని అర్థం. విల్లు కదలాలి, కాబట్టి అది చాలదు. చండ్ర కర్రతో రోకళ్లు చేస్తారు. అది గట్టిదనానికి గుర్తు, వంపుకు కాదు. పారకో గొడ్డలికో కామ వేస్తారంటే చెవి రిక్కించండి. కామ దెబ్బను తట్టుకోవాలి, విరగకూడదు. కావడి బద్ద చేసేవాళ్లమని తాతగారు చెబితే మాత్రం ఆ చెట్టు ఎక్కడుందో వెంటనే అడిగి తెలుసుకోండి. కావడి మోసే మనిషి నడకను గుర్తు తెచ్చుకోండి. అడుగు వేసినప్పుడల్లా బద్ద రెండు కొసలూ కిందికి వంగుతాయి, మళ్లీ లేస్తాయి. రోజంతా, ఏళ్ల తరబడి. విల్లు చేసే పని కూడా అదే. నా దృష్టిలో మన పల్లెల్లో విల్లుకు అన్నిటికంటే దగ్గరి చుట్టం కావడి బద్దే.

అలా కావడి బద్దలకూ బండి కర్రలకూ పేరున్నవి మన అడవుల్లో రెండున్నాయి. ఒకటి చరచి. ఉత్తరాదిన దీన్ని ధామన్ అంటారు. సాగే గుణానికీ వంగే గుణానికీ దీనికి పాతకాలం నుంచి పేరుంది. బండి కర్రలకు, తెడ్లకు, విళ్లకు వాడారు. రెండోది చిరుమాను. కొన్ని చోట్ల తిరుమాను అంటారు. గొడ్డలి కామలకు ఇది ప్రసిద్ధి. ఈ రెండూ ఎక్కువగా అడవి చెట్లు. రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం నేరం. మన సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాల్సిన సందర్భాలున్నాయి. ముందు అడిగి తెలుసుకోండి. గాలివానకు పడిన చెట్టు, టింబరు డిపోలో దొరికే వాసం, కొమ్మలు కొట్టించినప్పుడు మిగిలిన దుంగ, వీటితో మొదలుపెట్టడం మంచిది. ఇంకో మాట. విల్లు గురి సాధనకే. వన్యప్రాణుల వేటను 1972 చట్టం నిషేధించింది.

కర్ర ఎంపికకు వద్దాం. చెట్టు బెరడును చూడండి. బెరడు మీద నెర్రెలు నిలువుగా పైకి పోతున్నాయా, మాను చుట్టూ మెలి తిరుగుతున్నాయా? మెలి తిరుగుతుంటే లోపల నార కూడా మెలి తిరిగే ఉంటుంది. ఎండిన మోడు అయితే ఇంకా తేలిక. పగుళ్లు ఎటు పోతే నార అటు. మెలి తిరిగిన మానులోంచి నిటారు బద్ద కోస్తే నార మధ్యలో తెగిపోతుంది. చూడటానికి నున్నగా అందంగా ఉంటుంది, లాగితే వీపు మీద చీలిక లేస్తుంది.

అందుకే విల్లు చేసేవాళ్లు రంపం కంటే చీలను నమ్ముతారు. దుంగ కొసలో చీల దిగ్గొట్టి పగలగొడితే కర్ర తన నార వెంటే చీలుతుంది. నార ఎక్కడికి పోతుందో అదే చూపిస్తుంది. చీలిన ముఖం సమంగా ఉంటే సంతోషం. చింతమొద్దును చీల్చి చూసినవాళ్లకు తెలుసు, గూటంతో ఎన్ని దెబ్బలు వేసినా అది ఒక పట్టాన లొంగదు. దాని పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. కసాయి కొట్లో మొద్దుకు అదే వరం. విల్లుకు మాత్రం ఆ అల్లిక చిక్కు తెస్తుంది. పొడవునా తెగని నార అందులో దొరకడం కష్టం.

ఇప్పుడు వీపు సంగతి. ఇది నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చాలామంది విళ్లు ఇక్కడే పాడవుతాయి. చల్లని దేశాల చెట్లలో ఏడాదికో వలయం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి విల్లు పనివాళ్లు ఒకే వలయాన్ని వీపు పొడవునా తెగకుండా కాపాడతారు. మన టేకులో వలయాలు కనిపిస్తాయి గానీ, ఇక్కడి చెట్లు చాలావాటిలో అంత తేటగా కనిపించవు. మరి ఏం చేయాలి? చెట్టే ఇచ్చిన వీపును వాడుకోవాలి. బెరడు ఒలిస్తే కింద నున్నటి తడి ముఖం కనిపిస్తుంది చూడండి, అదే వీపు. దాని మీద కత్తి పెట్టొద్దు. బాడిశ పెట్టొద్దు. ఆకురాయితో రుద్దొద్దు. వానాకాలంలో చెట్టు చిగురించే రోజుల్లో బెరడు తేలిగ్గా ఊడి వస్తుంది, చేత్తో, మొండి గరిటెతో ఒలిచేయొచ్చు. ఆ ముఖం మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలుంటాయి. ఉండనివ్వండి. ముడి ఉన్నచోట చుట్టూ కాస్త కండ ఎక్కువ వదలండి. చెక్కేదంతా పొట్ట వైపే. మళ్లీ చెబుతాను: వీపు ముట్టుకోవద్దు, చెక్కడం పొట్ట వైపు నుంచే.

అందుకే చేతి మణికట్టు కంటే కాస్త లావున్న తిన్నని మాను లేదా కొమ్మ చాలు. ఆరడుగుల తిన్నని కర్ర దొరక్కపోతే మూడడుగుల బద్దలు రెండు తీసుకుని నడుమ పిడి దగ్గర చేప తోక అతుకు వేసి జిగురు పట్టించవచ్చు. సర్కారు తుమ్మ వంటి వంకర చెట్ల విషయంలో ఇదొక దారి.

కోసిన కర్ర ఆరాలి. ఆరడం తొందరపడితే కుదరదు. కొసల నుంచి నీరు వేగంగా పోతుంది, అక్కడే పగుళ్లు మొదలవుతాయి. కోసిన రోజే రెండు కొసలకూ మైనమో పెయింటో పట్టించండి. దుంగను నిలువునా రెండుగా చీల్చి నీడలో, గాలి తగిలేచోట పెట్టండి. ఎండలో పెట్టొద్దు. వారానికోసారి కిరాణా కొట్టు తక్కెడలో తూకం వేయించి ఒక కాగితం మీద రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజున ఆ కర్ర మీ ఊరి గాలికి సరిపడా ఆరినట్టు. కాకినాడ గాలి వేరు, అనంతపురం గాలి వేరు. తడి మిగిలిన కర్ర వంగితే వంగినట్టే ఉండిపోతుంది. మరీ ఎండిపోయిన కర్ర పెళుసెక్కుతుంది. పచ్చి కర్రను వంచి చూసి "భలే వంగుతోంది" అని మురిసిపోయేవాళ్లున్నారు. పచ్చి కర్ర ఏదైనా వంగుతుంది. మనకు కావాల్సింది వంగడం కాదు, వంగి తిరిగి రావడం.

ఆరిన కర్రకు ఇంట్లోనే రెండు పరీక్షలు చేయొచ్చు.

మొదటిది నీళ్ల పరీక్ష. ఒకే మందంగా ఉన్న చిన్న పుల్ల తీసుకోండి. దాని మీద సమానంగా 10 గీతలు గీయండి. నీళ్లు నింపిన సన్నటి పొడవాటి సీసాలో నిలువుగా వదలండి. ఎన్ని గీతలు నీళ్లలో మునిగాయో చూడండి. 5 మునిగితే ఆ కర్ర నీళ్లలో సగం బరువు. 8 మునిగితే బాగా బరువైన కర్ర. సగం కూడా మునగకపోతే, నా సలహా, విల్లు ఆలోచన వదిలేయండి. కొండపల్లి బొమ్మల పొణికి కర్ర అలాంటిదే. తేలిక, మెత్తన. బొమ్మకు అంతకంటే మంచి కర్ర లేదు. విల్లుకు పనికిరాదు.

రెండోది బద్ద పరీక్ష. ఇదే అసలు పరీక్ష. మూరెడు పొడవు, చిటికెన వేలంత వెడల్పు, పెన్సిలంత మందం ఉన్న బద్ద తీయండి. నార పొడవునా సాగేలా చూసుకోండి. ఒక కొసను బల్ల అంచుకు గట్టిగా బిగించండి. రెండో కొస గాలిలో ఉంటుంది. దాని వెనక గోడ మీద కాగితం అంటించి, కొస ఎక్కడుందో గీత పెట్టండి. ఇప్పుడు ఆ కొసకు ఒక సంచి కట్టి నీళ్ల సీసాలు ఒక్కొక్కటే వేయండి. ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగండి. సంచి తీసేయండి. కొస మొదటి గీతకు తిరిగి వచ్చిందా? వస్తే ఇంకో సీసా చేర్చండి. ఒక బరువు దగ్గర కొస గీత కిందే ఆగిపోతుంది. అక్కడ ఆ కర్ర నలిగిపోయింది. ఎంత దూరం వంగేదాకా తిరిగి రాగలిగిందో అదే మీకు కావాల్సిన కొలత. అదే కొలతల్లో పాత గొడ్డలి కామ నుంచి ఒక బద్ద, వెదురు నుంచి ఒక బద్ద తీసి పక్కన పెట్టి చూడండి. అప్పుడు మీ కర్ర ఎక్కడ నిలబడిందో మీకే తెలుస్తుంది.

చివరికి ఆ బద్దను విరిచేయండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. విరిగిన చోట చూడండి. పొడవాటి పీచులు లేచి, రెండు ముక్కలూ ఇంకా అతుక్కుని ఉంటే ఆ కర్ర గట్టిగా పోరాడింది. బజార్లో లేత బెండకాయ కొస తుంచినట్టు పుటుక్కున, అడ్డంగా, నున్నగా తెగిందా? ఆ కర్రతో విల్లు చేయకండి. ఎంత తిన్నగా ఉన్నా, ఎంత అందంగా ఉన్నా, ఎంత బరువున్నా చేయకండి.

కర్ర మధ్యస్థంగా తేలిందనుకోండి. మరీ గొప్పగా లేదు, మరీ చెత్తగానూ లేదు. నిరాశ పడనక్కర్లేదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే: కర్రను బట్టి విల్లు ఆకారం మార్చుకోవచ్చు. బద్ద మందం రెట్టింపు చేస్తే దాని బిగువు 8 రెట్లవుతుంది. వెడల్పు రెట్టింపు చేస్తే 2 రెట్లే. అందుకే బలహీనమైన కర్రను మందంగా ఉంచితే లాగినప్పుడు పొట్ట నలుగుతుంది, వీపు తెగుతుంది. దాన్ని వెడల్పుగా, పల్చగా, పొడవుగా చెక్కితే అదే పని శ్రమ లేకుండా చేస్తుంది. డెన్మార్క్‌లో హోల్మెగార్డ్ అనే బురద నేలలో 1944లో ఒక విల్లు దొరికింది. సుమారు 9 వేల ఏళ్ల నాటిది. ఎల్మ్ అనే మామూలు కర్ర. చేసినవాళ్లు దాని రెండు చేతులనూ, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగాలను, వెడల్పుగా, బల్లపరుపుగా చెక్కారు. ఇంగ్లండువాళ్ల పొడవాటి విళ్లు సన్నగా, లోతుగా ఉంటాయి. వాళ్లది యూ చెట్టు. దాని బయటి తెల్ల చెక్క బాగా సాగుతుంది, లోపలి చేవ నలుగుడును బాగా తట్టుకుంటుంది. చెట్టే వీపునూ పొట్టనూ జత చేసి ఇచ్చింది. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో అలాంటి విళ్లు వందకు పైగా దొరికాయి. ఆ కర్ర కోసం ఇంగ్లండు ఎంత తపించిందంటే, విదేశాల నుంచి సరుకు తెచ్చే ఓడలు టన్నుకు ఇన్ని విల్లు బద్దలు కూడా తేవాలని 1472లో చట్టమే చేశారు. యూ కర్రకు తగ్గ ఆకారాన్ని మన తుమ్మకో సుబాబులుకో తొడగాలని చూస్తే విరుగుతుంది. తప్పు చెట్టుది కాదు.

మన దగ్గరివి కొన్ని చూద్దాం. హిందూపురం, మదనపల్లె వైపు శ్రోతలకు మల్బరీ తెలుసు. పట్టుపురుగుల కోసం పొదలుగా కత్తిరించే మల్బరీ కాదు, వదిలేస్తే చెట్టయ్యే మల్బరీ. దాని కర్రతో హాకీ కర్రలు చేస్తారు. విళ్ల కోసం అమెరికా ఆదివాసులు ప్రాణంగా చూసుకున్న ఓసేజ్ ఆరెంజ్ చెట్టు కూడా మల్బరీ కుటుంబానిదే. పాత మల్బరీ చెట్టు ఎక్కడైనా కొడుతుంటే ఒక తిన్నని కొమ్మ అడిగి తెచ్చుకోండి. మన పనస కూడా అదే కుటుంబం. అయినా పనసను మల్బరీ పక్కన నిలబెట్టలేం. చుట్టరికం ఒక సూచన మాత్రమే, బద్ద పరీక్ష చెప్పేదే తీర్పు.

కోస్తా శ్రోతలకు సరుగుడు. పందిళ్లకు గుంజలుగా, కాగితపు మిల్లులకు లోడ్లుగా వెళ్లే సర్వి కర్ర. తిన్నగా ఉంటుంది, బాగా బరువుంటుంది, చవగ్గా దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు పరీక్షించి చూడదగ్గ కర్ర అని నా అభిప్రాయం. కానీ ఆరేటప్పుడు పగలడంలో దానికదే సాటి. డిపోలో ఎండి పగుళ్లిచ్చిన గుంజ తెచ్చుకోవద్దు. పచ్చి గుంజ తెచ్చుకుని, అదే రోజు చీల్చి, కొసలు మూసేయండి. చిన్న చిన్న ముడులు వరుసగా ఉంటాయి, తక్కువ ముడులున్న ముఖాన్ని వీపుగా ఎంచుకోండి. బరువైన కర్ర కాబట్టి కొసలు సన్నగా చెక్కండి. కొస బరువైతే బాణం మందగిస్తుంది.

తాటిని మర్చిపోవద్దు. తాటితో విల్లేమిటి అనుకుంటున్నారా? కౌటిల్యుడి అర్థశాస్త్రం విళ్లు చేసే వస్తువులు నాలుగు చెప్పింది. తాడి, వెదురు, కర్ర, కొమ్ము. ముదురు తాటిమాను బయటి భాగంలో నల్లటి పోగులు కొస నుంచి కొస దాకా ఉక్కు తీగల్లా దట్టంగా ఉంటాయి. లోపలి భాగం మెత్తన, అది తీసేయాలి. అల్లెతాడుకు కూడా అదే గ్రంథం జిల్లేడు నార, జనుము, చాగనార వంటివి చెప్పింది. ఇవన్నీ మన పొలాల్లో, గట్ల మీద ఉండేవే. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి.

ఇక వెదురు. కచ్చితంగా చెప్పాలంటే అది చెట్టు కాదు, గడ్డి జాతి. అయినా మన ఏజెన్సీలో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నమ్ముకున్నది దాన్నే. ఎందుకో బద్ద చీల్చి చూస్తే తెలుస్తుంది. బయటి పచ్చటి తోలు కింద పోగులు దట్టంగా ఉంటాయి, లోపలికి వచ్చేకొద్దీ పల్చబడతాయి. వీపుకు అంతకంటే ఏం కావాలి? బోలు తక్కువగా, గోడ మందంగా ఉండే మగ వెదురు, అందులోనూ మూడేళ్లు దాటిన ముదురు బొంగు ఎంచుకోండి. లేత బొంగు పురుగు పట్టి పిండైపోతుంది. మధ్య భారతంలో గోండులు, భిల్లులు నారి కూడా సన్నటి వెదురు బద్దతోనే చేసుకున్నారు. మొదటి విల్లు చేయబోయే పిల్లలకు నేను చెప్పేది వెదురే.

విల్లు పొడవు మనిషి ఎత్తుకు తగ్గకుండా చూసుకోండి. పొడవు పెరిగితే కర్రకు శ్రమ తగ్గుతుంది. మన దేశపు విలుకాళ్ల విళ్లు మనిషి ఎత్తు ఉండేవని గ్రీకు రచయిత ఏరియన్ రాశాడు. ఆ కొలత ఇవాళ్టికీ మంచిదే.

చెక్కడం దాదాపు పూర్తయ్యాక విల్లును చేత్తో ఒక్కసారిగా నిండా లాగొద్దు. గోడకు కొట్టిన కొయ్య మీద దాని నడుమును ఆనించి, నారికి తాడు కట్టి, పక్కకు దూరంగా నిలబడి కొద్దికొద్దిగా లాగండి. విల్లు రెండు చేతులూ సమానంగా వంగుతున్నాయా చూడండి. ఎక్కడ వంగడం లేదో అక్కడ పొట్ట వైపు కాస్త గీకండి. ఎక్కువ వంగుతున్నచోట ముట్టుకోకండి. మొదటి విల్లును తక్కువ బిగువుతోనే చేయండి. బాణం లేకుండా నారిని లాగి వదలొద్దు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా తిరిగి కర్రలోకే కొడుతుంది, మంచి విల్లయినా విరుగుతుంది. పిల్లలకు ఈ ఒక్క మాట ముందే చెప్పండి.

సాధన అయిపోయాక నారి దించేయండి. విల్లును మూలకు నిలబెట్టకుండా, వంటింటి వేడికీ తడి గోడకూ దూరంగా, రెండు మేకుల మీద అడ్డంగా పెట్టండి. మర్నాడు నారి ఎక్కించే ముందు వీపు మీద వేలితో ఒకసారి తడమండి. ఎక్కడైనా పీచు లేచి వేలికి తగిలితే ఆ విల్లు లాగొద్దు.